డిమ్మర్ తిప్పి చూడు

అల్లుడూ,

మీ అమ్మ ఫోనులో చెప్పింది. నువ్వు అలారం బిగించిన కారుకి రిమోటు నొక్కితే బయట లైట్లు వెలగడం లేదట, లోపల మీటరు బోర్డు మాత్రం మినుకుమంటోందట. నవ్వొచ్చిందిరా. ఆటోనగర్‌లో చేరిన కొత్తలో నేనూ అచ్చం ఇదే చేశాను.

నువ్వు పట్టుకున్నది పార్కింగ్ లైట్ల వైరు కాదు, డ్యాష్‌బోర్డు వెలుతురు వైరు. స్విచ్చు వేస్తే రెండింట్లోనూ కరెంటు వస్తుంది, తీస్తే పోతుంది. అక్కడే మోసపోతాం. వైరుకి వోల్టు మీటరు పెట్టి, పార్కింగ్ లైట్లు వేసి, డ్యాష్‌బోర్డు వెలుతురు తగ్గించే డిమ్మర్ చక్రం తిప్పు. అంకె చక్రంతో పాటు తగ్గితే ఆ వైరు వదిలెయ్. 12 వోల్టులు కదలకుండా ఉంటే, హెడ్‌లైటు వేసినా అలాగే ఉంటే, అదే నీ వైరు. రంగు చూసి మాత్రం కోయకు. ఒకే కంపెనీ రెండు మోడళ్లలో రంగులు మారతాయి.

ఒక్కోసారి స్విచ్చు దగ్గర లెక్క తిరగబడుతుంది. లైట్లు ఆపి ఉంటే 12 చూపించి, వేయగానే సున్నాకి పడితే ఆ స్విచ్చు ఎర్తు ఇచ్చి రిలేని లాగుతోందన్నమాట. టొయోటాల్లో కొన్నిటికి ఇలాగే ఉంటుంది. అక్కడ అలారం నుంచి పాజిటివ్ ఇచ్చావంటే లైట్లు వెలగవు సరికదా, అదే క్షణంలో ఓనరు స్విచ్చు వేస్తే నేరుగా షార్టే. అక్కడ నెగెటివే ఇవ్వాలి. నెగెటివ్ అవుట్‌పుట్ చాలా అలారం పెట్టెల్లో పావు ఆంపీరుకు మించి మోయదు, దాన్ని రిలే కాయిలుకే వాడు. 5 వాట్ల బల్బులు ఆరు వెలిగితే రెండున్నర ఆంపీర్లు. బల్బులకు నేరుగా ఇవ్వాల్సి వస్తే మధ్యలో రిలే, దాని ఫీడుకి ఫ్యూజు పెట్టు.

జర్మన్ కార్లు వస్తే ఇంకో తిరకాసు. ఎడమ, కుడి పార్కింగ్ లైట్లకు వేరువేరు వైర్లు. తాళంచెవి తీసి ఇండికేటర్ కాడ ఒక పక్కకు వంచితే ఆ పక్కవి మాత్రమే వెలుగుతాయి. రెండు వైర్లనీ కలిపి మెలేశావంటే ఆ సదుపాయం పోతుంది. చెరొక 6 ఆంపీర్ల డయోడు వెయ్, గీత ఉన్న కొస లైటు వైపుకి. కంప్యూటరు పెట్టె ఉన్న కొత్త కార్లలో టెస్ట్ లాంపు గుచ్చకు, డిజిటల్ మీటరే వాడు.

రిమోట్ స్టార్టర్ అడిగేవాళ్లూ వస్తున్నారట. మాన్యువల్ కారైతే ఎంత డబ్బిచ్చినా ఒప్పుకోకు. గేరులో వదిలేసిన బండి స్టార్ట్ కాగానే ముందుకు దూకుతుంది, ఎదురుగా ఎవరి పిల్లాడైనా ఉండొచ్చు. ఆటోమేటిక్ అయినా, ఇంజను నడుస్తున్నంతసేపూ పార్కింగ్ లైట్లు వెలిగేలా చూడు. ఇప్పటి ఇంజన్లకు చప్పుడు తక్కువ. మూసిన షెడ్డులో బండి నడుస్తూ పొగ నిండుతోందని చెప్పడానికి ఆ లైట్లే ఆధారం. వైరు పనే కదా అని తేలిగ్గా తీసుకోవద్దనేది అందుకే.

నా పాత మీటరు బస్సు పార్సిల్‌లో వేశాను. నల్ల లీడు మొదలు దగ్గర కాస్త వదులైంది. వాడే ముందు సాల్డరింగ్ చేసుకో.

మీ మామయ్య