ఒక్కరికి సరిపడా టిఫిను



చదువు కోసమో ఉద్యోగం కోసమో ఊరు విడిచి, ఒక్క గదిలో ఒక్క పొయ్యి పెట్టుకొని వండుకొనేవారిని అన్నిటికంటే ముందు ఇబ్బంది పెట్టేది కొలత. తెలుగిళ్లలో టిఫిన్లు నలుగురైదుగురు కూర్చొని తినేందుకు ఏర్పడినవి కాబట్టి, దినుసులన్నిటినీ నాలుగో వంతుకు తగ్గించినంత మాత్రాన అవి ఒక్కరి వంటగా కుదరవు. కొన్ని అసలే కుదరవు, కొన్ని మాత్రం ఒక్కరికి చేసుకొన్నప్పుడే మరింత బాగుంటాయి. ఈ తేడా తెలుసుకొంటే చాలావరకు వంట వచ్చినట్టే.

ఇడ్లీ, దోసెల పిండి పులియాలి. పులియడమంటే పిండిలో సహజంగా ఉండే సూక్ష్మజీవులు అందులోని చక్కెరలను ఆమ్లంగాను, వాయువుగాను మార్చడం. పిండి పొంగేది ఆ వాయువు వల్లనే. ఇందుకు వెచ్చదనంతోపాటు 8 నుంచి 12 గంటల సమయం కావాలి. గుప్పెడు మినప్పప్పు వేస్తే పెద్ద మిక్సీ జారులో బ్లేడుకు అందక గోడలకు అంటుకుపోతుంది, రుబ్బిన కాస్త పిండీ చలికాలంలో త్వరగా చల్లారి సరిగా పొంగదు, పోనీ ఇంటిల్లిపాదికీ రుబ్బినట్టు రుబ్బితే నాలుగు రోజులకే పుల్లబడి పారబోయవలసి వస్తుంది. అందుచేత ఒంటరిగా ఉండేవారు పులియబెట్టే పని లేని వంటలతో మొదలుపెట్టడమే మంచిది. పెసరట్టు అటువంటిది. అరకప్పు పొట్టు పెసలు, చెంచాడు బియ్యం రాత్రి నానబోసి, పొద్దున అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి చిన్న జారులో రుబ్బి వెంటనే పోసుకొంటే రెండు మూడు అట్లు వస్తాయి, పిండి మిగలదు.

అయితే ఒక్కరి వంటలన్నిటిలో పెద్దపీట వేయవలసింది తెలంగాణ సర్వపిండికే. కప్పు బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం, ఉప్పు కలిపి, వేడినీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ ముద్ద చేయాలి. గోధుమపిండిని సాగేటట్టు చేసే గ్లూటెన్ అనే మాంసకృత్తు బియ్యప్పిండిలో లేదు. వేడినీళ్లు తగిలి పిండిపదార్థం కొంత ఉడకడం వల్లనే ముద్ద విరిగిపోకుండా నిలుస్తుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెకు లోపల నూనె రాసి, ఆ ముద్దను వేళ్లతో అడుగునా అంచులకూ పలుచగా ఒత్తి, అక్కడక్కడా వేలితో రంధ్రాలు చేసి, ఒక్కొక్క రంధ్రంలో రెండు చుక్కల నూనె వేసి, మూతపెట్టి సన్నని సెగమీద ఉంచాలి. రంధ్రాల్లో నూనె చిటపటలాడడం తగ్గి, అంచులు గిన్నెను వదిలి లోపలికి ముడుచుకొంటే అడుగు ఎర్రగా కాలినట్టు. తొందరపడి అంతకుముందే కదిపితే ముక్కలవుతుంది. రెండో సర్వపిండి ఒత్తాలంటే గిన్నె పూర్తిగా చల్లారాలి, ఎందుకంటే వేడి గిన్నెలో వేళ్లు కాలుతాయి, పిండి పరుచుకోకముందే ఎండిపోతుంది. అందువల్లనే పదిమంది ఉన్న ఇంట్లో రెండు మూడు గిన్నెలు మార్చి మార్చి వాడతారు, లేదా గిన్నెను నీళ్లలో పెట్టి చల్లార్చుతారు. ఒక్కరికైతే ఆ శ్రమంతా తప్పుతుంది: ఒక గిన్నె, ఒక సర్వపిండి, వేడివేడిగా ఒక పూట.

కోస్తా ఇళ్లలో చేసే ఉప్పుడుపిండి, అంటే పెసరపప్పు వేసి వండే బియ్యపురవ్వ ఉప్మా, నీళ్ల లెక్క నేర్పుతుంది. గ్లాసు రవ్వకు రెండు గ్లాసుల నీళ్లు సాధారణంగా సరిపోతాయి గాని, అరగ్లాసు రవ్వకు గ్లాసు నీళ్లే పోస్తే ఒక్కొక్కసారి రవ్వ పలుకుగా ఉండిపోతుంది. ఆవిరయ్యే నీరు గిన్నె వెడల్పును, ఉడికే సమయాన్ని బట్టి ఉంటుందే తప్ప రవ్వతోపాటు సగానికి తగ్గదు. కాబట్టి ఇరుకైన చిన్న గిన్నె ఎంచుకొని, నీళ్లు ఒక గుక్కెడు ఎక్కువ పోసి, మూత బిగువుగా పెట్టాలి. అడుగున ఎర్రగా కట్టిన మాడుచెక్కను గీకి తినడానికి ఇతరులతో పోటీ లేకపోవడం ఒంటరివారికి దక్కే అదృష్టం. పోపుకూ ఇదే నియమం: చెంచా నూనె వెడల్పాటి బాణలిలో పలుచగా పరుచుకొని ఆవాలు చిటపటలాడేలోపే మాడిపోతుంది, చిన్న పోపుగరిటెలో అయితే ఆవాలు నూనెలో మునిగి సమంగా వేగుతాయి.

పొద్దున పావుగంట కూడా దొరకనివారికి రాయలసీమ ఉగ్గాని ఉంది. కోస్తావారు మరమరాలనే బొరుగులను నీళ్లలో ముంచి, మెత్తబడగానే పిండి తీయాలి, ఆలస్యమైతే ముద్దవుతాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపుతో పోపు వేగాక బొరుగులు వేసి కలపాలి. ఉగ్గానికి జోడుగా కర్నూలు, అనంతపురం హోటళ్లలో మిరపకాయ బజ్జీలు ఇస్తారు గాని, రెండు బజ్జీల కోసం బాణలి నిండా నూనె కాచడం ఒక్కరికి దండగ. ఆ కోరిక హోటల్లో తీర్చుకోవడమే మేలు. ఉగ్గానిపై పుట్నాల పొడిని మాత్రం పొయ్యి కట్టేసిన తరువాతే చల్లాలి, ముందే చల్లితే తడి పీల్చుకొని ఉండలు కడుతుంది.