దూరం పెరిగినా సమయం తగ్గింది: ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో పాఠం

రెండు నగరాల మధ్య దూరాన్ని వేగంతో భాగిస్తే ప్రయాణ సమయం వస్తుందన్న సూత్రం అంకగణితంలో చెల్లినట్టు ఆకాశంలో చెల్లదు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని పడమరగా అట్లాంటిక్ మీదుగా కాక తూర్పుగా పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం సుమారు 1,400 కి.మీ. పెరిగి 15,300 కి.మీ.కు చేరింది. అయినా విమానం దాదాపు 14.5 గంటల్లోనే దిగింది, పాత మార్గం కన్నా రెండు గంటల దాకా ఆదా అయింది. కారణం జెట్ స్ట్రీమ్‌లు. దాదాపు 9 నుంచి 12 కి.మీ. ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే ఈ బలమైన గాలులు శీతాకాలంలో మరింత ఉద్ధృతమవుతాయి. గంటకు 900 కి.మీ. వేగంతో పోయే విమానానికి 100 కి.మీ. వేగపు గాలి వెనుక నుంచి తోడైతే నేలతో పోల్చిన వేగం 1,000 అవుతుంది, ఎదురైతే 800కి పడిపోతుంది.

భూమి తూర్పుకే తిరుగుతోంది కాబట్టి తూర్పుకు వెళ్లే విమానమే ఆలస్యం కావాలని పరీక్షలు రాసే చాలామంది అభ్యర్థులు వాదిస్తారు. అది నిలవదు. వాతావరణమూ భూమితో పాటే తిరుగుతుంది, విమానానికి నేల మీద ఉన్నప్పుడే ఆ భ్రమణ వేగం ఉంటుంది. ప్రశ్నపత్రంలో గాలి వేగం ఇవ్వరు కదా అంటే, నిజమే, అప్పుడు భాగహారమే చేయాలి. కానీ వేళలు స్థానిక కాలంలో ఇస్తే ముందు కాలమండలాలు సరిచూడాలి, మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. శీతాకాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకన్నా 13 గంటల 30 నిమిషాలు వెనక, వేసవిలో 12 గంటల 30 నిమిషాలు. జనవరిలో ఢిల్లీలో ఉదయం 4కు బయలుదేరి 15 గంటలు ప్రయాణించినవారు అక్కడ అదే తేదీ ఉదయం 5.30కు దిగుతారు.