ఎరువుల కర్మాగారము – స్థల నిర్ణయము

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. కర్మాగారము స్థాపించువానికి ఈ రెండు కష్టములును ఒక్కసారే వచ్చును. కట్టుటకు స్థలము వెదకవలెను. ఆ ఊరితో చిరకాల సంబంధము కలుపుకొనవలెను. వరిగడ్డి, ఊక, పత్తికట్టె వంటి వ్యవసాయ వ్యర్థములనుండి ఎరువు చేయు కర్మాగారమునకు స్థల నిర్ణయము మరింత క్లిష్టము. అందు ధనము పెట్టువాడు వెనుకాడుట పిరికితనమా, వివేకమా అన్నది మనము విచారింతము.

ముందుగా తయారీ విధానము చూతము. గడ్డిని పరిమితమైన గాలిలో మిక్కిలి వేడిచేసిన, కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ వాయువులు వెలువడును. నీటి ఆవిరి సాయముతో హైడ్రోజన్‌ను మరింత పెంచవచ్చును. దానిని గాలిలోని నత్రజనితో కలిపిన అమ్మోనియా, అమ్మోనియాను బొగ్గుపులుసు వాయువుతో కలిపిన యూరియా లభించును. శాస్త్రము ఇంతవరకు స్పష్టమే. చిక్కంతయు గడ్డిని సమకూర్చుటలో ఉన్నది.

తయారీలో బరువు కోల్పోవు ముడిసరుకు ఎచ్చట దొరకునో, పరిశ్రమ అచ్చటికే చేరునని జర్మనీ ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ వెబర్ 1909లో వివరించినాడు. చక్కెర మిల్లులు చెరకు తోటల నడుమ వెలయుట ఇందుకే. గడ్డి విషయమున ఈ సూత్రము ఇంకను గట్టిగా వర్తించును. ఏలనన లారీ నిండినను బరువు తూగదు.

ఒక లెక్క వేసి చూతము. దినమునకు 300 టన్నుల గడ్డి చొప్పున 300 దినములు కర్మాగారము నడచుననుకొందము. ఏడాదికి 90,000 టన్నులు కావలెను. పశువుల మేత పోగా ఎకరమునకు ఒక టన్ను మిగులుననుకొన్న, 90,000 ఎకరముల వరి కావలెను. ఆ ప్రాంతపు భూమిలో మూడవ వంతు మాత్రమే వరి అయినచో, చుట్టును సుమారు 19 కిలోమీటర్ల మేర గడ్డి సేకరింపవలసియుండును. మేతకు మరికొంత అవసరమైనచో ఈ వలయము ఇంకను పెరుగును. రవాణా ఖర్చు దానితో పెరుగును.

అయితే ముడిసరుకు దగ్గర ఉన్నంత మాత్రమున చాలునా? చాలదని రామగుండము చెప్పుచున్నది. బొగ్గు ఆధారముగా యూరియా చేయు కర్మాగారము అచ్చట సింగరేణి గనుల చెంతనే వెలసి 1980లో ఉత్పత్తి ఆరంభించినది. విద్యుత్తు సరఫరాలో ఆటంకములు, యంత్రసామగ్రి లోపములు దానిని వెన్నాడినవి. 1999లో అది మూతపడినది. ఏటా 12.7 లక్షల టన్నుల సామర్థ్యముతో, సహజవాయువు ఆధారముగా, అచ్చటనే కొత్త కర్మాగారము 2021లో ఉత్పత్తి ప్రారంభించినది. నడుమ గడచిన రెండు దశాబ్దములకు మూల్యము చెల్లించినది ధనము పెట్టినవారు మాత్రమే కాదు. కొలువులపై ఆశ పెట్టుకొన్న కుటుంబములు కూడ.

కనుక పెట్టుబడిదారుని ప్రశ్నలు తోసివేయదగినవి కావు. గడ్డి కోతల కాలముననే వచ్చును; తక్కిన నెలలు దానిని తడియకుండ, నిప్పంటుకొనకుండ నిలువచేయు చోటు ఏది? ఇటుకబట్టీలు, బియ్యపు మిల్లులు పోటీపడిన ధర నిలుచునా? గడ్డిలోని పొటాషియము వలన బూడిద కరగి కొలిమిలో గడ్డకట్టినచో ఏమి ఉపాయము? నీరు ఎచ్చటిది? యూరియా ధర ప్రభుత్వము నిర్ణయించునదే. 45 కిలోల బస్తా పన్ను, వేపపూత ఖర్చులు గాక 242 రూపాయలు. తయారీ ఖర్చు పెరిగినను తన ఇష్టమువచ్చిన ధరకు అమ్ముటకు వీలులేదు. ప్రభుత్వ సబ్సిడీ లేక అతడు నిలువలేడు.

ఇవే ప్రశ్నలు ఊరివారును అడుగవలెను. గడ్డియంతయు అమ్ముకొన్న రైతు వేసవిలో తన గేదెకు మేత కొనవలసి వచ్చినచో, చేతికి వచ్చిన డబ్బు లాభమనిపించుకొనునా? సరియైన లెక్క లేని పరిశ్రమ ఇరువురకును నష్టమే.

మన విద్యార్థులలో పలువురు రైతుల బిడ్డలు. ఈ సెలవులలో ఒక్కొక్కరు తమ ఊరిలో వరి ఎన్ని ఎకరములు, పశువులెన్ని, మిగులు గడ్డి ఎంత అని లెక్క వ్రాసి తెచ్చిన, స్థలనిర్ణయమునకు అంతకు మించిన తొలి ఆధారము ఉండదని మా విశ్వాసము.