ముందు మనిషి, తర్వాతే గ్రాంటు

2018 నవంబర్ 8న ఉత్తర కాలిఫోర్నియాలోని ప్యారడైజ్ పట్టణాన్ని క్యాంప్ ఫైర్ అనే కార్చిచ్చు మింగేసింది. 85 మంది చనిపోయారు, 18 వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. ఇలాంటి ఊళ్లను ముందే కాపాడుకోవడానికి అమెరికాలో డబ్బు బొత్తిగా లేకపోలేదు. 2021 నాటి మౌలిక వసతుల చట్టం కమ్యూనిటీ వైల్డ్‌ఫైర్ డిఫెన్స్ గ్రాంట్ల కోసం ఐదేళ్లకు వంద కోట్ల డాలర్లు కేటాయించింది. చిక్కల్లా అడిగి తెచ్చుకోవడంలోనే ఉంది. అగ్నిమాపక దళం కూడా వాలంటీర్లతోనే నడిచే కొండ ఊళ్లో దరఖాస్తు ఎవరు రాస్తారు?

కాబట్టి మొదట వెతుక్కోవాల్సింది జీతానికి పనిచేసే ఒక సమన్వయకర్తను. ఒక ఊరు భరించలేకపోతే నాలుగు ఊళ్లు కలిసి పెట్టుకోవచ్చు. కాలిఫోర్నియాలో రీజనల్ ఫారెస్ట్ అండ్ ఫైర్ కెపాసిటీ ప్రోగ్రామ్ సరిగ్గా ఈ సత్తా పెంచడానికే నిధులిస్తుంది.

తర్వాత రిజిస్ట్రేషన్. ఫెడరల్ డబ్బు కావాలంటే శామ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదై, 12 అక్షరాల గుర్తింపు సంఖ్య తీసుకోవాలి, ఏటా ఆ నమోదును పునరుద్ధరించుకోవాలి. గ్రాంటు ప్రకటన వెలువడ్డాక మొదలుపెడితే ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే. సొంత సంస్థ లేని కాలనీవాళ్లు రిజిస్టరైన మరో సంస్థ గొడుగు కిందికి చేరడం మేలు.

ఇక ఊరిని కార్చిచ్చు నుంచి కాపాడుకునే ప్రణాళిక. 2003 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం దీనిమీద స్థానిక ప్రభుత్వం, స్థానిక ఫైర్ డిపార్ట్‌మెంట్, రాష్ట్ర అటవీ సంస్థ ముగ్గురూ ఒప్పుకోవాలి. పైన చెప్పిన డిఫెన్స్ గ్రాంట్ల కింద ప్రణాళిక తయారీకి రెండున్నర లక్షల డాలర్ల దాకా, పనులకు కోటి డాలర్ల దాకా ఇస్తారు. పనులకు అడిగేటప్పుడు ప్రణాళిక వయసు పదేళ్లు దాటకూడదు. ఏ రోడ్డు పక్కన పొదలు ముందు కొట్టాలో తేల్చి చెప్పని ప్రణాళిక అలమరాకు తప్ప దేనికీ పనికిరాదు.

అసలు గండం బడ్జెట్‌లో ఉంది. ప్రణాళికకు పది శాతం, పనులకు పాతిక శాతం మన వాటా చూపాలి. వెనకబడిన ప్రాంతాలకు మినహాయింపు దొరకవచ్చు. వాలంటీర్ల శ్రమను కూడా వాటాగా లెక్కగట్టుకోవచ్చు కానీ, ఎవరు ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశారో ఆ రోజే రాసి సంతకం తీసుకోవాలి. ఆఖర్న గుర్తుచేసుకుని రాసిన లెక్క ఆడిటర్ ముందు నిలవదు. పైగా చాలా గ్రాంట్లు ముందు ఖర్చుపెట్టి, బిల్లులు చూపించాక తిరిగి రాబట్టుకునే రకం. చెట్లు కొట్టే కాంట్రాక్టరేమో నెల తిరిగేసరికి డబ్బడుగుతాడు. చిన్న సంఘాలు కుదేలయ్యేది ఇక్కడే. అందుకే అడ్వాన్సు ఇస్తారో లేదో, బ్యాంకు అప్పు దొరుకుతుందో లేదో దరఖాస్తుకు ముందే తేల్చుకోవాలి. ఆఫీసు అద్దె, అకౌంటెంట్ జీతం లాంటి పరోక్ష ఖర్చులు అడగడానికి మొహమాటపడకూడదు. విడిగా రేటు ఒప్పందం లేనివాళ్లకు 2024 అక్టోబర్ నుంచి ఫెడరల్ నిబంధనలు 15 శాతం దాకా అనుమతిస్తున్నాయి.

డబ్బు మంజూరయ్యాక కూడా రంపం వెంటనే చేతపట్టలేం. పర్యావరణ సమీక్ష, స్థల యజమానుల రాతపూర్వక అనుమతి ముందు పూర్తి కావాలి. పక్షులు గూళ్లు కట్టే కాలాన్ని, యంత్రం నిప్పురవ్వకే మంట అంటుకునే గాలి రోజులను క్యాలెండర్‌లో మినహాయించాలి. కొట్టిన పొదలు మళ్లీ మొలుస్తాయి గనుక, తర్వాతి ఏళ్ల నిర్వహణకు డబ్బు ఎక్కడిదో కూడా ఇప్పుడే ఆలోచించాలి. చివరి నివేదిక ఇచ్చాక మూడేళ్లు కాగితాలు భద్రపరచాలి.

కాలిఫోర్నియాలో ఉంటున్న మన తెలుగువాళ్లలో ప్రాజెక్ట్ మేనేజర్లకు, లెక్కలు చూసేవాళ్లకు కొదవ లేదు. మీ ప్రాంతంలో కార్చిచ్చు ముప్పు తగ్గించడానికి పనిచేసే ఫైర్ సేఫ్ కౌన్సిల్ అనే స్థానిక సంఘం ఉందేమో కనుక్కోండి, నెలకు కొన్ని గంటలు వాళ్ల స్ప్రెడ్‌షీట్ చూసిపెట్టండి.