క్యాష్ డ్రాయరు, స్ట్రాంగ్ రూము: కొత్త కంప్యూటర్‌కు డ్రైవ్ ఎంపిక

పోయిన వేసవిలో మా ఇంటికి కొత్త డెస్క్‌టాప్ కొనవలసి వచ్చింది. మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. పాత కంప్యూటర్‌లో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకునేసరికి చేతిలో టీ చల్లారిపోయేది. అయితే అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది.

మా నాన్నగారు 1963లో శ్రీకాకుళం జిల్లా నుంచి భిలాయి వచ్చి, ఉక్కు కర్మాగారంలోని రైల్ అండ్ స్ట్రక్చరల్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. టౌన్‌షిప్ తొలి రోజుల సంగతులు ఆయన చెబుతుంటే, సెలవు రోజుల్లో నేను టైపు చేసేవాణ్ణి. ఒక సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. తిరిగి వచ్చాక కంప్యూటర్ వెలిగింది గానీ ఫైళ్లున్న డ్రైవ్ తెరుచుకోలేదు. నలభై పేజీలు రాస్తే, అంతకుముందు మా అక్కకు మెయిల్‌లో పంపిన ఇరవై ఆరు పేజీలే మిగిలాయి. ఎందుకిలా జరిగిందని వెతుకుతూ నేర్చుకున్న పాఠమే ఇది.

క్యాష్ అంటే

కంప్యూటర్ వాళ్ల ‘క్యాష్’కి, మన కౌంటర్‌లోని క్యాష్‌కి ఇంగ్లిషు స్పెల్లింగ్ వేరు గానీ పలకడం ఒకటే. పని కూడా దగ్గరగానే ఉంటుంది. ప్రతి ఖాతాదారుకీ స్ట్రాంగ్ రూము తెరవలేం కనుక, కావలసినంత నగదు క్యాషియర్ డ్రాయరులో పెట్టుకుంటాం. కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ స్ట్రాంగ్ రూము లాంటిది: చోటు ఎక్కువ, తలుపు ఆలస్యం. దాని ముందు పెట్టే చిన్న, వేగమైన ఎస్‌ఎస్‌డీ డ్రాయరు. తరచూ వాడే ఫైళ్ల నకళ్లు అందులో ఉంటాయి.

హార్డ్ డిస్క్ ఆలస్యానికి లెక్క ఉంది. అది నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 4 మిల్లీసెకన్లు పైగా పడుతుంది. సూది జరగడానికి పట్టే సమయం దీనికి అదనం. అందుకే చెదురుమదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు వంద, నూటయాభై సార్లకు మించి అందుకోలేదు. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. అదే పని సెకనుకు వేల సార్లు చేస్తుంది.

మా ఇంట్లో జరిగిన పొరపాటు

క్యాష్ డ్రైవ్‌లో రాసే పద్ధతులు రెండు. మొదటిదానిలో ప్రతి మార్పూ డ్రాయరులోనూ స్ట్రాంగ్ రూములోనూ వెంటనే నమోదవుతుంది. రెండోదానిలో ముందు డ్రాయరులో వేసి ‘పని అయింది’ అంటుంది, తీరిక దొరికినప్పుడు స్ట్రాంగ్ రూముకు చేరుస్తుంది. వేగం దీనిలోనే ఎక్కువ. కానీ ఈ మధ్యలో డ్రాయరు పాడైతే, చేరవలసినవి చేరవు. స్ట్రాంగ్ రూము పుస్తకం కూడా తప్పులతడక అవుతుంది. వేగానికి ఆశపడి ఈ రెండో పద్ధతిని ఎంచుకున్నది నేనే. ఆ రాత్రి కరెంటు దెబ్బకు పోయింది చిన్న ఎస్‌ఎస్‌డీ, దానితోపాటు పోయినవి పద్నాలుగు పేజీలు.

ఇప్పుడు విడిగా క్యాష్ డ్రైవ్ కావాలా?

పెద్ద ఎస్‌ఎస్‌డీ కొనలేని రోజుల్లో ఇది మంచి ఉపాయమే. యాపిల్ 2012లో ఫ్యూజన్ డ్రైవ్ పేరుతో రెండింటినీ కలిపింది. ఇంటెల్ 2017లో 16, 32 జీబీ ఆప్టేన్ మెమరీ తెచ్చి, 2022లో ఆప్టేన్ వ్యాపారాన్నే ముగిస్తున్నట్టు ప్రకటించింది. ఎస్‌ఎస్‌డీల ధరలు దిగివచ్చాక, ఇంటి కంప్యూటర్‌కు డ్రాయరు వేరు, గది వేరు అనే అవసరం చాలావరకు తీరిపోయింది. అంతా ఒకే ఎస్‌ఎస్‌డీలో పెట్టుకోవచ్చు. నేనూ క్యాష్ డ్రైవ్ ఆలోచన మానుకుని, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ తీసుకున్నాను.

కొనేముందు చూసుకున్నవి

మొదటిది, రకం. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ చదువుతుంది. ఎన్‌వీఎంఈలో మూడో తరం 3,500 వరకు, నాలుగో తరం 7,000 వరకు వెళ్తాయి. కానీ హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారితే తెలిసే తేడా, మూడు నుంచి నాలుగుకు మారితే ఇంటి పనుల్లో పెద్దగా తెలియదు. అక్కడ మిగిలిన డబ్బు ర్యామ్‌కు పెట్టాను.

రెండోది, అమరిక. ఎం.2 ఆకారంలో సాటావి, ఎన్‌వీఎంఈవి రెండూ దొరుకుతాయి. చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. మీ మదర్‌బోర్డు దేన్ని తీసుకుంటుందో దాని పుస్తకంలో చూసుకోండి.

మూడోది, లోపలి క్యాష్. ఎస్‌ఎస్‌డీలోనూ చిన్న డ్రాయర్లుంటాయి. ఏ సమాచారం ఎక్కడుందో చూపే పట్టికకు కొన్నిటిలో డీర్యామ్ ఉంటుంది. అది లేని ఎన్‌వీఎంఈలు చాలావరకు కంప్యూటర్ ర్యామ్‌లో కొద్దిగా అరువు తీసుకుంటాయి. ఇంటి వాడకానికి అదీ చాలు. ఇక ఒక్కో కణంలో నాలుగు బిట్లు దాచే క్యూఎల్‌సీ రకం చవక. కానీ పెద్ద ఫైళ్లు ఏకబిగిన కాపీ చేస్తే, దాని తాత్కాలిక క్యాష్ నిండిపోయి వేగం బాగా పడిపోతుంది. మూడు బిట్ల టీఎల్‌సీ నయం. ఏదైనా అయిదో వంతు ఖాళీగా ఉంచితే మంచిది.

నాలుగోది, ఆయుష్షు. 1 టీబీ టీఎల్‌సీ డ్రైవులపై తరచూ 600 టీబీ రాయవచ్చని హామీ ఉంటుంది. రోజుకు 30 జీబీ రాసినా 20,000 రోజులు, అంటే 54 ఏళ్లు. రాతల వల్ల అరిగిపోతుందన్న భయం అక్కరలేదు. అయితే వేరే లోపంతో ఏ డ్రైవైనా ఒక్కసారిగా పోవచ్చు.

అయిదోది, మన ఊరి ఎండ. ఎన్‌వీఎంఈ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. భిలాయి మే నెలకు హీట్‌సింకు, గాలి ఆడే క్యాబినెట్ రెండూ అవసరమే. ఒక యూపీఎస్ కూడా తీసుకున్నాను. కరెంటు పోతే, పని సేవ్ చేసుకుని కంప్యూటర్ సరిగ్గా ఆపుకోవడానికి అది ఇచ్చే కొద్ది నిమిషాలు చాలు.

అసలు పాఠం

క్యాష్ వేగాన్ని ఇస్తుంది, భద్రతను ఇవ్వదు. భద్రత ఇచ్చేది రెండో నకలు. కొత్తగా కొన్న హార్డ్ డిస్క్‌ను యూఎస్‌బీ పెట్టెలో అమర్చి, ప్రతి ఆదివారం ముఖ్యమైన ఫైళ్లు దానిలోకి ఎక్కించి, తీగ తీసి బీరువాలో పెడుతున్నాను. మరో నకలు వేరే ఊళ్లో, అక్క దగ్గర ఉంటుంది. పాత హార్డ్ డిస్క్‌ను నమ్మి నకలు దాచడం నాకిష్టం లేకపోయింది.

ఇదంతా చెబితే నాన్నగారు నవ్వి, “అయితే ఆ పద్నాలుగు పేజీలూ మళ్లీ చెప్పాలన్నమాట. ఈసారి మనవరాలిని టైపు చెయ్యమను, నీకంటే త్వరగా కొడుతుంది” అన్నారు. ఇప్పటికి తొమ్మిది పేజీలయ్యాయి. మొదటిసారి చెప్పనివి కూడా కొన్ని చెబుతున్నారు. ప్రతి పేజీకీ మూడు నకళ్లు ఉన్నాయి.