ఫ్రాన్స్‌లో కొత్త కాపురం: ఇంటి పనులతోనే ఫ్రెంచ్ నేర్చుకునే చిట్కాలు

ఉద్యోగం కోసమో, చదువు కోసమో, పెళ్లయి భర్త దగ్గరికో ఫ్రాన్స్ చేరిన తెలుగువారి మీద రెండు పనులు ఒకేసారి పడతాయి. ఇల్లు సర్దుకోవాలి, భాష నేర్చుకోవాలి. భాష వచ్చాక బయటికి వెళదాంలే అనుకుంటే నెలలు గడిచిపోతాయి, భాషా రాదు. ఏ పని మీద గడప దాటుతున్నారో ఆ పనికి కావలసిన నాలుగు మాటలు ముందే నోటికి తెచ్చుకుని వెళ్లండి. ఈ చిట్కాలన్నీ అందుకే.

1. ముందు పలకరింపు, తర్వాతే పని. దుకాణంలో, బస్సులో, లిఫ్టులో, డాక్టరు దగ్గర అడుగుపెట్టగానే "బొంజూర్" అనాలి. సాయంత్రమైతే "బొంస్వార్". పలకరించకుండా నేరుగా ధర అడగడం అక్కడ పెద్ద అమర్యాద. వచ్చేటప్పుడు "మెర్సీ, ఓ రెవ్వార్" అనడం మరవకండి. కొత్తవారిని, పెద్దవారిని "వు", అంటే మీరు, అనే మన్నించాలి. మీరు, నువ్వు తేడా పాటించే మనకు ఇది కష్టం కాదు.

2. మూడు వాక్యాలు కంఠస్థం చేయండి. "జె దెబ్యూత్ ఆం ఫ్రాంసే" అంటే ఇప్పుడిప్పుడే ఫ్రెంచ్ నేర్చుకుంటున్నాను. "ప్లూ లాంత్‌మాం, సిల్ వు ప్లే" అంటే దయచేసి కాస్త నెమ్మదిగా. "వు పువే లెక్రీర్?" అంటే రాసి ఇస్తారా? ఎదుటివారు ఇంగ్లిషులోకి మారేలోపే మొదటి వాక్యం చెప్పేయండి. చాలామంది ఓపికగా ఫ్రెంచ్‌లోనే మాట్లాడతారు.

3. మన నోటికున్న బలం వాడుకోండి. ఫ్రెంచ్‌లో త, ద శబ్దాలు మన త, ద లాగే దంతాలకు తగిలి పలుకుతాయి. ఇంగ్లిషు అలవాటుతో ట, డ అనకండి. మనకు లేని అచ్చు ఒకటి ఉంది. పెదవులు "ఊ" అన్నట్టు గుండ్రంగా పెట్టి, లోపల "ఈ" పలకాలి. "పైన", "కింద" అనే మాటలకు అక్కడ తేడా ఈ ఒక్క అచ్చులోనే ఉంటుంది కాబట్టి అద్దం ముందు సాధన చేయండి. మాట చివరి హల్లు చాలాసార్లు పలకరు. రాసింది చూసి కాకుండా విన్నదాన్ని బట్టి నేర్చుకోండి.

4. అంకెలకు వారం రోజులు కేటాయించండి. 70ని అరవై పది అనీ, 80ని నాలుగు ఇరవైలు అనీ, 90ని నాలుగు ఇరవైల పది అనీ చెబుతారు. ఫోన్ నంబరులోని పది అంకెల్ని రెండేసి చొప్పున చదువుతారు. అందుకే 97 చెబుతుంటే 4 రాసేసి తికమకపడతాం. మీ నంబరును జతలుగా బిగ్గరగా చెప్పడం అలవాటు చేసుకోండి. 3, 13లకు "త్రువా", "త్రేజ్"; 6, 16లకు "సీస్", "సేజ్" అంటారు. వీటిని పక్కపక్కన పెట్టి వినండి. ధరల్లో చుక్కకు బదులు కామా ఉంటుంది: 3,50 అంటే మూడున్నర యూరోలు. సమయం 24 గంటల లెక్కలో చెబుతారు.

5. వంటసరుకుల పేర్లు ముందు నేర్చుకోండి. ఉప్మాకు "సెమూల్", శనగపిండికి "ఫారిన్ ద పువా షీష్", ఎర్ర కందిపప్పుకు, అంటే మసూర్‌కు, "లాంతీయ్ కొరాయ్" అడగండి. గోధుమపిండి సంచి మీద టి45, టి55, టి150 అని ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ పొట్టు ఎక్కువ. మైదాలాంటిది టి45, పొట్టుతో ఉన్నది టి150. పాలలో వెన్న తీయనివి "లే ఆంతియే", సాధారణంగా ఎర్ర మూతతో ఉంటాయి. పెరుగు తోడుకు "యావూర్ నాత్యూర్" పనికొస్తుంది. "ఫ్రొమాజ్ బ్లాం" చూడ్డానికి పెరుగులా ఉన్నా, అది వేరు. కరివేపాకు, చింతపండు, మినప్పప్పు కావాలంటే పారిస్‌లో గార్ దు నోర్ స్టేషను వెనక లా షాపెల్ వీధుల్లో శ్రీలంక తమిళుల దుకాణాలున్నాయి.

6. శాకాహారులు వివరంగా చెప్పాలి. మాంసం వద్దంటే చేప పెట్టవచ్చు, సలాడ్‌లో "లార్దోం" అనే పందిమాంసం ముక్కలు వేయవచ్చు. "సాం వియాంద్, సాం పువసోం" అని మాంసం, చేప రెండూ వద్దని చెప్పండి. గుడ్డు తినకపోతే అదీ చెప్పండి. గొడ్డుమాంసం తినని వారు "బెఫ్", "స్తెక్ అషే" అనే మాటలు గుర్తుంచుకోవాలి. తీపి పదార్థాల పొట్లం మీద "జెలాతిన్" ఉందేమో చూడండి. హోటల్లో "యూన్ కరాఫ్ దో" అంటే మంచినీళ్లు ఉచితంగా ఇస్తారు.

7. మిక్సీ తీసుకెళ్లవచ్చు, కుక్కర్ చూసి కొనండి. అక్కడా కరెంటు 230 వోల్టులే కనుక కన్వర్టర్ అక్కర్లేదు. మన మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం పట్టదు, అడాప్టర్ కావాలి. చాలా ఇళ్లలో ఇండక్షన్ పొయ్యి ఉంటుంది. మామూలు అల్యూమినియం కుక్కర్ దాని మీద పనిచేయదు. ఇండక్షన్‌కు పనికొచ్చే స్టీలుది తీసుకెళ్లండి. ఇడ్లీపిండి రాత్రి 10 లోపే రుబ్బుకోండి. ఆ తర్వాత చప్పుడు చేస్తే పొరుగువారు ఫిర్యాదు చేయవచ్చు.

8. వస్తువుల మీద చీటీలు అంటించండి. తలుపు మీద "లా పోర్త్", ఉప్పు డబ్బా మీద "ల సెల్", బియ్యం డబ్బా మీద "ల రీ" అని రాయండి. "ల", "లా" వదలకూడదు. ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది, దానికి సూత్రం వెతికేకంటే మాటతో కలిపి నేర్చుకోవడమే మేలు. ఉచ్చారణ తెలుగు లిపిలో, అసలు వర్ణక్రమం ఫ్రెంచ్‌లో, రెండూ రాసుకోండి.

9. ఇంటిపేరు దగ్గర జాగ్రత్త. ఫారాల్లో "నోం" అంటే ఇంటిపేరు, "ప్రెనోం" అంటే సొంత పేరు. అన్ని కాగితాల్లోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. పెళ్లయిన ఆడవారిని పుట్టింటి పేరుతోనే ప్రభుత్వ కార్యాలయాల్లో నమోదు చేస్తారు, భర్త ఇంటిపేరు అదనంగా వాడుకోవచ్చు. తపాలా పెట్టె మీద మీ పేరు లేకపోతే ఉత్తరాలు చేరవు. జనన ధ్రువపత్రానికి అపోస్టీల్ (విదేశాల్లో చెల్లే ధ్రువీకరణ) ముద్ర ఇండియాలోనే వేయించుకుని వెళ్లండి.

10. ఆరోగ్యం మాటలు ఫ్రిజ్ మీద ఉండాలి. అంబులెన్స్‌కు 15, పోలీసులకు 17, అగ్నిమాపక దళానికి 18, దేనికైనా 112. "జే మాల్ ఆ లా తెత్" అంటే తలనొప్పి, "జే ద లా ఫియెవ్ర్" అంటే జ్వరం. మందులు ఆకుపచ్చ ప్లస్ గుర్తున్న ఫార్మసీలోనే దొరుకుతాయి. అక్కడ పారాసెటమాల్‌ను ఎక్కువమంది దోలిప్రాన్ అంటారు. ఒక డాక్టరును "మెద్‌సేం త్రెతాం"గా, అంటే మీ ప్రధాన డాక్టరుగా, నమోదు చేసుకోకపోతే ఆరోగ్య బీమా నుంచి ఖర్చు తక్కువగా తిరిగి వస్తుంది. డాక్టర్ల అపాయింట్‌మెంట్ యాప్ దొక్తోలిబ్‌లో ఇంగ్లిషు మాట్లాడేవారిని వెతకవచ్చు.

11. ఆదివారం సరుకు శనివారమే. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి లేదా మధ్యాహ్నంతో ముగుస్తాయి. కొన్ని చిన్న కొట్లు సోమవారమూ తెరవరు. చెత్తలో గాజు, ప్యాకింగ్, ఆహార వ్యర్థాలు వేరు చేయాలి. డబ్బాల రంగులు ఊరినిబట్టి మారతాయి కనుక పొరుగువారిని అడగండి. అదీ మాటలు కలపడానికి మంచి సాకే.

12. రోజూ పావుగంట వినండి, వారానికోసారి క్లాసుకు వెళ్లండి. ఆర్‌ఎఫ్‌ఐ రేడియో సులభ ఫ్రెంచ్‌లో పది నిమిషాల వార్తలు ఇస్తుంది. మొదట్లో అర్థం కాకపోయినా వంట చేస్తూ వినండి. టీవీ5మోంద్‌లో తొలి మెట్టు పాఠాలు ఉచితం. కుటుంబ వీసా మీద వచ్చినవారిలో చాలామందికి ప్రభుత్వ ఒప్పందం కింద ఉచిత తరగతులు అందుతాయి. 2024 జనవరి చట్టం ప్రకారం 2026 జనవరి నుంచి ఎక్కువమందికి అనేక ఏళ్ల నివాస కార్డుకు ఎ2, పదేళ్ల కార్డుకు బి1, పౌరసత్వానికి బి2 ఫ్రెంచ్ స్థాయి చూపాలి. అవసరం ముంచుకొచ్చేదాకా ఆగకండి.

భర్త ఆఫీసుకు వెళ్లాక ఇంట్లో ఒంటరిగా ఉండే గృహిణులకు ఒక మాట. రొట్టె కొనడానికి మీరే వెళ్లండి, బిడ్డను బడి దగ్గర మీరే దించండి, డాక్టరుతో మీరే మాట్లాడండి. తప్పులతో మాట్లాడినా పని జరుగుతుంది. మౌనంగా ఉంటే జరగదు. ఈరోజే ఒక పని ఎంచుకుని, దానికి నాలుగు మాటలు నేర్చుకుని బయలుదేరండి.