నాగోల్ చరిత్ర మూసీ నుంచి మొదలుపెట్టు

చిరంజీవి బిడ్డకు,

బడి ప్రాజెక్టుకు మన ఊరి భూగోళం, చరిత్ర రాయాలని, మెట్రోతో మొదలుపెడతానని అన్నావు. వద్దమ్మా. నాగోల్ స్టేషన్ నాగోల్‌లో లేనే లేదు, మూసీ ఆవల ఉప్పల్ గట్టున ఉంది. 2017 నవంబరులో రైలొచ్చాక ఊరి పేరు ఏరు దాటింది, అంతే.

ముందు మూసీ వంతెన మీద నిలబడి నీళ్లు ఎటు పారుతున్నాయో చూడు. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ నగరం నడుమ నుంచి వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే ఏరది. మనం నగరానికి దిగువన ఉన్నాం. నన్నడిగితే ఈ ఊరి కథంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. 1908 వరద తర్వాత ఎగువన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. మంచినీళ్లు అక్కడే ఆగిపోయాయి. మనవైపు మాత్రం ఎండాకాలంలోనూ పారుడు తగ్గలేదు, అదంతా నగరం వదిలిన మురుగు. ఆ నీటితోనే గట్ల వెంట పారాగడ్డి పెంచారు. కోసిన కొద్దీ చిగురించే గడ్డి, బర్రెలకు మంచి మేత. నగరం పారబోసిన నీళ్లే పాలై మళ్లీ నగరానికి చేరేవన్నమాట! తర్వాత ఆ మురుగును శుద్ధి చేయడానికి రోజుకు 17.2 కోట్ల లీటర్ల ప్లాంటు కూడా నాగోల్‌లోనే పెట్టారు. అయినా వంతెన కింద అప్పుడప్పుడు తెల్లటి నురగ గుట్టలుగా తేలుతుంది.

ఇక పాత కాగితాలు. మన పల్లెల్లో జనన మరణాల లెక్క ఎక్కువ వెనక్కి పోదు, భూమి లెక్క నయం. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో, ఎవరు దున్నుతున్నారో రాసి ఉంటుంది. గ్రామ నక్షలో చెరువులు, కుంటలు, వాగులు కనిపిస్తాయి. తహసీల్దారు ఆఫీసుకు మీ నాయినను వెంటబెట్టుకొని పో, పిల్లలడిగితే ఎవరూ తీసి చూపరు. ఆ నక్ష మీద పలుచని కాగితం పరిచి వాగులు గీసుకో. దాన్ని ఇప్పటి కాలనీల మ్యాపు మీద పెట్టి చూడు. 2020 అక్టోబరులో బండ్లగూడ చెరువు పొంగి అయ్యప్ప కాలనీ ఎందుకు మునిగిందో నేను చెప్పక్కర్లేదు. తప్పంతా వానదేనని మాత్రం రాయకు.

పారాగడ్డి కోసినవాళ్లు, పాలు పోసినవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. అందరూ పెద్దవాళ్లయ్యారు. నోటుబుక్కు పట్టుకొని ఈ ఆదివారమే వాళ్ల దగ్గరికి పో.

మీ పెద్దనాయిన